మామయ్యగారు నవ్విన ఫోటో

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో మొదటిది వెలుతురు గురించి. పెళ్ళయిన నాటి నుంచి ఈ ఇంట్లో ఒక్క కప్పు కాఫీ వేడిగా తాగిన పాపాన పోలేదు నేను. కప్పు పెదాల దాకా వచ్చేసరికి "ఆగాగు, ఆ ఆవిరి మీద వెలుతురు చూడు" అంటూ లాక్కెళ్ళి కిటికీలో పెడతారు. ఫోటో తీయడం అయ్యాక కప్పు తిరిగొస్తుంది, ఆవిరి రాదు. ఉతికిన దుప్పటి ఆరేస్తే ఆయన కంటికి అది దుప్పటి కాదు, మనుషుల వెనక కట్టుకునే తెర. సోఫా మారుద్దామంటే, నేను ఎంచిన ఆకుపచ్చ రంగు కూర్చున్నవాళ్ళ ముఖాల మీద పడి అందరూ కామెర్లొచ్చినట్టు కనబడతారని వద్దన్నారు. ఇలాంటి మనిషితో కాపురం చేస్తే ఇంట్లో ప్రతి వస్తువుకీ చక్కటి ఫోటో ఉంటుంది. కావలసినప్పుడు వస్తువే దొరకదు.

ఒక్క మామయ్యగారి విషయంలో మాత్రం లెక్క తిరగబడింది. మనిషి ఇంట్లోనే ఉన్నారు, ఫోటో దొరకలేదు.

మా ఆయన ఫోటోగ్రాఫరు. పుట్టుకతో కాదు. మా పెళ్ళి నాటికి ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకునే వేళకి కెమెరా పట్టుకుని బయటపడి, బస్సు కోసం చూసేవాళ్ళనీ, పార్కు బెంచీల మీద పోట్లాడుకునే మొగుడూ పెళ్ళాలనీ తీసుకొచ్చేవారు. సగం వంకర, సగం మసక. అయినా ఆ ఫోటోల్లో మనుషులు పక్కింటివాళ్ళంత దగ్గరగా ఉండేవారు. ఇది మానవమాత్రుడి ఓపికతో అయ్యే పని కాదు, ఇష్టంతో అయ్యే పని అని నాకు అప్పుడే అర్థమైంది. ఎందుకంటే ఆఫీసు కాగితాల మీద ఆయనకు ఆ ఓపిక ఉండేది కాదు.

ఒకరోజు ఉద్యోగం మానేసి స్టూడియో పెడతానన్నారు. చుట్టాలంతా తలో చెయ్యీ వేశారు, ఆపడానికి. "ఈత సరదా అని చేపల్లో కలిసిపోతామా?" అని వాళ్ళ పెదనాన్నగారు అందరి ముందూ అడిగారు. మా అమ్మ నాకు విడిగా కబురు పెట్టింది, నీ బుర్రేమైందని. నా బుర్ర బాగానే ఉందిగానీ, దాన్ని ఎవరూ అడగలేదు.

అప్పుడు మామయ్యగారు, అంటే మా ఆయన తండ్రి, వాళ్ళన్నయ్యతో ఒక్క మాట అన్నారు. "కలవనీ అన్నయ్యా. మునిగితే గట్టున నేనున్నాగా."

ఆ మాటతో ఊరుకోలేదు. వీధి వైపు పెద్ద కిటికీ ఉన్న ముందుగది ఆయనది. అత్తగారు పోయాక రోజంతా ఆ కిటికీ దగ్గరే పేపరు చదువుకుంటూ, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ గడిపేవారు. ఆ గదిని కొడుకు స్టూడియోకి ఇచ్చేసి, పట్టపగలు లైటు వేసుకుంటే తప్ప అక్షరం కనపడని వెనకగదిలోకి తన మంచం జరుపుకున్నారు. ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి. "పైకి వెళ్ళాను, కిందకి దిగాను. పక్కకి జరగడం మాత్రం ఇదే మొదలమ్మా" అన్నారు నాతో.

ఆయన నవ్వు గురించి చెప్పాలి. నవ్వు వస్తోందంటే ముందు కళ్ళు మూతపడిపోయేవి. మూతపడటమంటే మామూలుగా కాదు, అక్కడ కళ్ళు ఉండేవని నమ్మకం కలగనంతగా. తర్వాత భుజాలు ఊగేవి. శబ్దం ఎప్పటికో గానీ వచ్చేది కాదు, పై నుంచి ఒక్కో అంతస్తులోనూ ఆగుతూ దిగే లిఫ్టులాగ. అది కిందకి దిగేసరికి మేమంతా నవ్వుతూ ఉండేవాళ్ళం, దేనికో తెలియకుండానే. ఆయన దగ్గర ఒక మేనేజరు జోకు ఉండేది. ఆఫీసు మేనేజరు లిఫ్టులో ఇరుక్కుపోయి లోపల్నుంచి తలుపు బాదుతుంటాడు, బయట ఈయన ఉంటారు. అక్కడి దాకా చెప్పేసరికి ఆయనకే నవ్వొచ్చేసేది, కళ్ళు పోయేవి, మాట పోయేది. ఆ జోకు చివర ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు కూడా.

స్టూడియో కొత్తలో మా ఆయన ఏ లైటు కొన్నా, ఏ లెన్సు కొన్నా మొదట బలయ్యేది మామయ్యగారే. స్టూలు మీద కూర్చోబెట్టి, దీపం అటు జరిపి ఇటు జరిపి తీసేవారు. కూర్చుని కూర్చుని విసుగొచ్చి ఆయన మేనేజరు జోకు ఎత్తుకునేవారు. కెమెరా వెనక కొడుకూ, ముందు తండ్రీ నవ్వుతుంటే కెమెరా కూడా వణికేది. ఆ రోజుల్లో ఎవరి కళ్ళు మూసుకున్నాయో ఎవరూ చూడలేదు.

చూసినవాడు ఒక మేనమామ. మా మేనమామ కాదు, ఒక పెళ్ళికూతురి మేనమామ. పెళ్ళి ఆల్బమ్‌లో నడిమధ్యన పెద్ద గ్రూపు ఫోటో, అందులో అందరి కళ్ళూ తెరిచున్నాయి, ఆయనవి తప్ప. ఆల్బమ్ తెచ్చి మా బల్ల మీద పడేసి, ఇది పెళ్ళిలో తీసిన ఫోటోనా, పోయాక గోడకి తగిలించడానికి ముందే తీసి పెట్టిందా అని అడిగారు. అడిగి ఇంటికి పోతే గొడవ లేదు. వీధి వీధికీ తిరిగి అదే అడిగారు. ఆ ఏడాది పెళ్ళిళ్ళ రోజుల్లో మా గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. పెదనాన్నగారు చేపల సంగతి మళ్ళీ గుర్తు చేశారు.

అప్పటి నుంచి మా ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్న ఫోటో బతకడానికి వీల్లేదు. సాయంత్రం స్టూడియో తలుపు వేశాక కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రోజు తీసినవన్నీ ఒక్కొక్కటే చూసేవారు. రెప్ప వాలితే చాలు, వేలు చెరిపేసే మీట మీద పడేది. నేను వంటింట్లో ఉండి ఆ టకటక వినేదాన్ని. కూరగాయలు ఆయనే తరుగుతున్నట్టుండేది. గ్రూపు ఫోటోలైతే ఇంకో విద్య నేర్చుకున్నారు. వరసగా కొన్ని తీసి, ఒకదాంట్లో కళ్ళు మూసుకున్నవాళ్ళకి ఇంకోదాంట్లోంచి వాళ్ళ కళ్ళే తెచ్చి అతికించడం. అతుకు ఎవరికీ తెలిసేది కాదు. "ఆయన తీస్తే ఎవరి కళ్ళూ మూసుకోవు" అని పేరొచ్చింది. పేరు వెనకే పని వచ్చింది. పెదనాన్నగారి మనవరాలి పెళ్ళికి కూడా మా ఆయనే తీశారు, చేపల మాట ఎవరూ ఎత్తలేదు.

అయితే నియమాలు స్టూడియో దగ్గర చెప్పులు విప్పి ఇంట్లోకి వచ్చేస్తాయి. మా అమ్మాయి పుట్టినరోజుకి తీస్తున్నా, ఊరికే డాబా మీద తీస్తున్నా, మామయ్యగారు నవ్వబోయేసరికి కెమెరా వెనక నుంచి ఒక్కటే మాట. "నాన్నా, కళ్ళు." ఆయన నవ్వు అక్కడికక్కడే ఆపి, కళ్ళు ఇంత చేసుకుని చూసేవారు. మా ఇంట్లో ఏ ఆల్బమ్ తెరిచినా మామయ్యగారు కంటి డాక్టరు గోడ మీది ఆఖరి వరుస చదువుతున్నట్టే ఉంటారు.

పాపం, ఆయనకు కోపం కూడా రాలేదు. "వాడి పని నేనే పాడుచేస్తున్నానమ్మా. నా మొహం తీరే అంత" అని నాకు సర్దిచెప్పేవారు. ఉంచితే ఏం పోయింది, మన ఇంట్లో ఫోటోయేగా అని నేను ఒకసారి మా ఆయన్ని అడిగాను. పాడైపోయిన ఫోటో ఇంట్లోదైనా పాడైపోయిందే, వంట మాడితే నువ్వు దాచుకుంటావా అన్నారు. మాడిన వంట ఆయనకే వడ్డిస్తానని చెప్పి వచ్చేశాను. నా ఫోన్లో తీసినవైనా ఉండేవేమోగానీ, ఫోన్ నిండిపోయిందన్నప్పుడల్లా ఖాళీ చేసిపెట్టేది ఆయనే. వంకరవి ముందు పోయేవి, మసకవి తర్వాత, కళ్ళు మూసుకున్నవి అన్నిటికంటే ముందు.

మా అమ్మాయి డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజు మేమందరం కలిసి దిగిన ఫోటో స్టూడియో గోడ మీద పెద్దదిగా కట్టించి పెట్టారు. ఆ రోజు మామయ్యగారు ఆనందం పట్టలేక నోరారా నవ్వేశారు. నోరు అలాగే ఉంది. కళ్ళు మాత్రం ఇంకో ఫోటోలోంచి వచ్చాయి. నోరు నవ్వుతోంది, కళ్ళు అప్పుడే ఎవరో తలుపు తట్టినట్టు చూస్తున్నాయి. ఈ కళ్ళు ఎవరివండీ అని అడిగాను. ఆయనవే, అన్నారు మా ఆయన చిన్నబుచ్చుకుని.

ఒకరోజు పొద్దున్న మామయ్యగారు కాఫీ తాగుతుంటే ఎడమ పక్క నుంచి కారి చొక్కా మీద పడింది. తుడుచుకోండి అందామని తలెత్తి చూస్తే ఎడమ పక్క ముఖమంతా జారిపోయి ఉంది. ఆసుపత్రికి పరుగెత్తాం. పక్షవాతం కాదన్నారు. ముఖానికి వెళ్ళే నరం వాచిందట. మందులు వాడాలి, ముఖానికి వ్యాయామం చేయించాలి, మెల్లగా వస్తుంది, పూర్తిగా వస్తుందని మాత్రం మాట ఇవ్వలేమన్నారు. ఎడమ కన్ను మూతపడదు కాబట్టి ఎండిపోకుండా చుక్కలు వేయాలి, పడుకునేటప్పుడు రెప్ప లాగి టేపు అంటించాలి.

ఆ కన్ను ఇక పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది. మా ఆయన ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నది అదే. ఆ మాట నేను పైకి అనలేదు. అనాల్సిన పని కూడా లేకపోయింది. చుక్కలు వేయడానికి ఆయనే కూర్చునేవారు. బొటనవేలితో ఆ రెప్పని కిందకి దించడానికి, అది నిలవక పైకి లేస్తుంటే మళ్ళీ దించడానికి, ఆయన పడుతున్న అవస్థ తలుపు దగ్గర్నుంచి చూశాను.

మామయ్యగారు మాత్రం ధైర్యంగానే ఉన్నారు. మాట కొంచెం ముద్దగా వచ్చినా ఆగలేదు. చూడటానికి వచ్చినవాళ్ళతో, ఎడమ పక్క లిఫ్టు ఆగిపోయిందనీ, కొన్నాళ్ళు మెట్ల మీద తిరగమన్నారనీ చెప్పేవారు.

ముఖానికి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు చిన్నపిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. మొదటి రోజే ఒక ఫోటో అడిగింది. "తాతగారు ఇదివరకు నవ్వుతుండగా తీసింది ఒక్కటి తెచ్చిపెట్టండి. నవ్వినప్పుడు కళ్ళు, బుగ్గలు ఎంతవరకు కదిలేవో తెలిస్తే, అద్దం ముందు అది పెట్టి అటే తీసుకెళ్ళడానికి చూస్తాను. లేకపోతే ఊహ మీద చేయించాలి." అంతలో మా ఆయన వృత్తి ఏమిటో తెలిసి, ఇంకేం, మీ దగ్గర వేలల్లో ఉంటాయిగా అంది. మేమూ అలాగే అనుకున్నాం. జన్మకి ఒక్క పరీక్షలో మొదట వస్తున్నామనుకుంటూ ఇంటికొచ్చాం.

మా ఆయన స్టూడియోలో కూర్చుని హార్డ్ డిస్కులన్నీ ముందేసుకున్నారు. మొదట ధీమాగానే వెతికారు. తర్వాత మౌనంగా వెతికారు. మధ్యలో నేను కాఫీ ఇస్తే కిటికీ వైపు కూడా చూడకుండా వేడివేడిగా తాగేశారు. అప్పుడు నాకు భయమేసింది.

ఒక్కటి లేదు. మామయ్యగారు కూర్చున్నవి ఉన్నాయి, నిలబడినవి ఉన్నాయి, మనవరాలిని ఎత్తుకున్నవి ఉన్నాయి. అన్నిట్లోనూ ఆఖరి వరుస చదువుతున్నారు. అమ్మాయికి ఫోన్ చేస్తే, తాతయ్యవి తన దగ్గరున్నవన్నీ నాన్న పంపినవేనంది. చుట్టాలకి ఫోన్లు చేశారు. వాళ్ళ ఇళ్ళలో ఏ శుభకార్యమైనా మా ఆయనే తీసేవారు, ఆయన తీస్తుంటే మనమెందుకులే అని మిగతావాళ్ళు కెమెరాలు పైకి తీయలేదట. లిఫ్టుల కంపెనీలో మామయ్యగారితో పనిచేసినాయన ఒక గ్రూపు ఫోటో పంపించారు. అందులో మామయ్యగారి ముఖం ఆవగింజంత. నవ్వుతున్నారో తుమ్ముతున్నారో తెలియలేదు. స్టూడియో కొత్తల్లో తీసిన ఫిల్ములు, ఏళ్ళ తరబడి వెనకగది గోడ చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే బొమ్మ ఊడి వచ్చింది.

తీసేసిన ఫోటోలని తిరిగి రప్పించే మార్గాలుంటాయట. అవీ చూశారు. ఆ కెమెరా కార్డుల మీద తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళు ఎక్కాయో. ఎవరిదో సగం ముఖం, ఎవరిదో సగం కేకు, మిగతాదంతా బూడిద రంగు చారలు వచ్చాయి.

ఆఖరికి గోడ మీది ఫోటో దించారు. అతికించిన కళ్ళు ఊడబెరికితే అడుగున అసలువి ఉంటాయని నా ఆశ. అలాగే అన్నాను. ఆయన ఆ ఫైలు తెరిచి, చాలాసేపు చూసి, పొరలన్నీ కలిపేసి దాచానన్నారు. అంటే ఏమిటన్నాను. "అంటే అడుగున ఏమీ లేదు."

నాకు చెప్పింది అది. మామయ్యగారికి చెప్పింది వేరు. పాత డిస్కు ఒకటి పాడైపోయిందనీ, నీ నవ్వు ఫోటోలన్నీ దాంట్లోనే ఉండిపోయాయనీ చెప్పారు. కంపెనీవాళ్ళని తిట్టారు. అటక సర్దినప్పుడు డిస్కు డబ్బా నేనే కింద పడేసుంటానని నన్ను కూడా కొంచెం తిట్టారు. పడ్డాను. అప్పుడప్పుడు మొగుళ్ళకి పెళ్ళాం కాకుండా ఒక అటక కూడా అవసరం.

"ఉంటాయిలేరా, తొందరేముంది" అన్నారు మామయ్యగారు. "నీ దగ్గర పోయేది ఏముంటుంది."

మా ఆయన లేచి స్టూడియోలోకి వెళ్ళిపోయారు.

తర్వాతి సారి ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఫోటో లేకుండానే వెళ్ళాం. ఆ గదిలో ఒక పెద్ద అద్దం, ముందు ఒక కుర్చీ, గోడ పక్కన ఎత్తు బల్ల. కిటికీలోంచి మంచి వెలుతురు పడుతోంది, కానీ మా ఆయన దానికి వీపు పెట్టి నిలబడ్డారు. డిస్కు పాడైందని ఆ అమ్మాయికి కూడా చెప్పారు. ఆ అమ్మాయి నొచ్చుకుని, పోనీ మీరు చెప్పండి, ఎలా నవ్వేవారు అని నన్ను అడిగింది. ముందు కళ్ళు మూతపడేవి, పూర్తిగా, అన్నాను. అయితే కళ్ళే ముఖ్యమండీ, అవి ఎంతవరకు మూసేవారో చూస్తే బాగుండేది, అంది. నేను కిటికీ వైపు చూశాను. మా ఆయన కెమెరా పట్టీ సర్దుకున్నారు.

ఇప్పటి ముఖం ఎలా ఉందో గుర్తుకి ఒకటి తీసుకుందామంది. మా ఆయన కెమెరా తీశారు. ఆ అమ్మాయి మామయ్యగారిని నవ్వమంది.

"ఊరికే ఎలా నవ్వనమ్మా" అని ఆయన మేనేజరు జోకు ఎత్తుకున్నారు. మెల్లగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. మేనేజరు లిఫ్టులో ఇరుక్కున్నాడు. తలుపు బాదుతున్నాడు. ఎవరండీ లోపల, అంటే మేనేజర్ని, అని అరిచాడు. మామూలుగా అయితే అక్కడ మామయ్యగారికి నవ్వొచ్చేయాలి. రాలేదు. ఎడమ బుగ్గని వేలితో పట్టుకుని ముందుకు వెళ్ళారు.

"అయితే ఇంకాసేపు అక్కడే ఉండండి సార్. మీరు లోపలుండబట్టే ఆఫీసులో పని జరుగుతోంది అన్నాను."

అన్నేళ్ళకి ఆ జోకు చివరి దాకా విన్నాను. బాగుంది కూడా. విననంత కాలం ఇంకా బాగుండేది.

ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆమె నవ్వు చూసి మామయ్యగారికీ నవ్వొచ్చింది. భుజాలు ఊగాయి. కుడి బుగ్గ పైకి లేచింది. కుడి కన్ను మూతపడిపోయింది, ఎప్పట్లాగే, అక్కడ కన్ను లేనంతగా. ఎడమ కన్ను మాత్రం తెరిచి, నీళ్ళు కారుతూ, నేరుగా కెమెరాని చూస్తోంది. మా ఆయన కెమెరా కంటికి ఆనించుకున్నారు.

అది చూసి మామయ్యగారు నవ్వు ఆపేశారు. ఆపి, తత్తరపడుతూ చెయ్యెత్తి, మంచిగా ఉన్న ఆ కుడి కంటి రెప్పని చూపుడువేలితో పైకెత్తి పట్టుకున్నారు.

"ఆగరా, మూసుకుపోయింది. తెరిచా. ఇప్పుడు తియ్యి."

మా ఆయన తీయలేదు. కెమెరా దించేశారు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఆ ఎత్తు బల్ల మీద పెట్టి, వెళ్ళి తండ్రి ముందు నేల మీద కూర్చున్నారు. ఆ వేలు పట్టుకుని రెప్ప మీంచి తీసేశారు.

"వద్దు నాన్నా. మూసుకునే నవ్వు."

"మరి ఫోటో పాడవదూ?"

"డిస్కేం పాడవలేదు నాన్నా. నీ నవ్వు ఫోటోలు బోలెడు తీశాను. కళ్ళు మూసుకున్నావని రోజూ కూర్చుని నేనే తీసేశాను, ఒక్కటీ మిగల్చకుండా. పాడైన ఫోటోలు కావవి. బాగున్నవే అవి. తప్పు నాది."